గిన్నెడు కడుపు

తూకం మిషన్ ముల్లు నూట పన్నెండు దగ్గర ఆగింది. మునివెంకటమ్మ కళ్ళు మూసుకుంది.

ఫారిన్ నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. కడుపు పైభాగాన్ని కుట్టేసి చిన్నది చేస్తారట. ఆ తర్వాత పూటకు చిన్న గిన్నెడు తిండే. కాదని తింటే కుట్లు తెగుతాయి. ఇలాగే వదిలేస్తే మాత్రం గుండె రెండేళ్ళు కూడా మోయదన్నాడు.

"ఇది పెద్ద ఆపరేషనమ్మా. ప్రాణానికి గ్యారంటీ ఇవ్వలేం. బాగా ఆలోచించుకోండి" అని సంతకం పెట్టాల్సిన ఫారం చేతికిచ్చాడు.

ఆమె ఒక్కటే అడిగింది. "ఆ గిన్నె మాట మా అత్తకు కాగితంలో రాసిస్తారా సార్?"

డాక్టరు నవ్వి, ఆపరేషన్ అయినవాళ్ళకిచ్చే అచ్చు కాగితం ఒకటి ఆమె సంచిలో పడేశాడు.

ఆ అత్త పేరు అక్కయమ్మ. కబ్బన్‌పేటలో మగ్గాలున్న ఇళ్ళన్నిట్లో ఆమె చేతి వంటకు పేరు. ఆమె ముందు కూర్చున్నవాడు 'చాలు' అనడానికి లేదు. కోడలు చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి మీదే నెయ్యి పోసేది. పోయిన ఏడు ఇంకో డాక్టరు చెప్పాడని మునివెంకటమ్మ ఒక పూట తిండి మానింది. అంతే, అక్కయమ్మ అలిగి రెండు రోజులు మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"కోడల్ని పస్తులు పెడుతుండామని పేటంతా అనుకోవాలనా నీకు? సుమ్నే, నోరు మూసుకుని తినప్పా. సల్పమే వేస్తా."

సల్పమంటే మూడు గరిటెలు. ఇక మొగుడంటారా, ఆ మహానుభావుడు తల్లి ముందు నోరు తెరిచేది ముద్ద పెట్టుకోవడానికే.

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ నడిచింది.

"దేవుడిచ్చిన కడుపును కోసేదేమప్పా!" అంది అక్కయమ్మ.

"భయపడొద్దు వదినా. మగ్గం రిపేరు చేసినట్టే ఇదీ" అన్నాడు మరిది ఓబళప్ప, వదిన విస్తట్లో వడ తీసుకుంటూ.

రెండేళ్ళ మాట చెవిన పడగానే అక్కయమ్మ బావురుమంది. దొంగ ఏడుపు కాదు, ఆమెకు కోడలంటే ప్రాణం. చివరికి కళ్ళు తుడుచుకుని సరేనంది. కోడలి కడుపు కోయడానికి ఒప్పుకుంది గానీ, తన గరిటె ఒకటి తగ్గించాలని మాత్రం ఆమెకు తట్టలేదు.

ఒకప్పుడు వాళ్ళింట్లో అద్దెకున్న నర్సు కృపమ్మ తోడు వెళ్తానంది. "పది రోజులు ఎవ్వరూ చూడ్డానికి రాకూడదండీ. చీము పడితే ప్రమాదం" అని అందరికీ గట్టిగా చెప్పింది. మొగుడికి ఆసుపత్రి వాసన తగిలితే కళ్ళు తిరుగుతాయి. బతికానురా అనుకున్నాడు.

సోమవారం పొద్దున మునివెంకటమ్మ రెండు చీరలు సంచిలో పెట్టుకుని కృపమ్మతో హోసూరు రోడ్డు బస్సెక్కింది. పదకొండో రోజు కడుపుకు కట్టుతో, పక్క పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ తిరిగొచ్చింది. అక్కయమ్మ ఏడుస్తూనే దిష్టి తీసింది.

అచ్చు కాగితం వంటింట్లో దేవుడి పటం పక్కకెక్కింది. అక్కయమ్మకు చదువు రాదు. వచ్చినవాళ్ళందరి చేతా చదివించేది. పెళ్ళిళ్ళలో ఎవరైనా కోడలికి మారు వడ్డించబోతే తనే పరుగెత్తేది.

"వద్దప్పా, వద్దు! కుట్లు తెగుతాయి!"

మునివెంకటమ్మ కడుపుకు మాత్రం ఈ సంగతేమీ తెలియనట్టుంది. మొదట్లో పూటపూటా ఆకలి దంచేసింది. ఉగాది రోజు నెయ్యి కారే పూర్ణం ఓళిగల వాసనకు ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. అయినా గిన్నెలో పట్టిన సగం ఓళిగ తిని లేచిపోయింది.

ఏడాదిన్నరకు డెబ్బై ఎనిమిది కేజీలకు దిగింది. మేడ మెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతోంది. పేట కోడళ్ళు వరసకట్టి చూసిపోయారు. "ఫారిన్ డాక్టరు చేసిన కడుపు ఇది!" అని అక్కయమ్మ మురిసిపోయింది.

కానీ ఆమె గరిటె ఊరుకుంటుందా? కోడలి వాటా కూడా చిన్న కొడుకు విస్తట్లో పడింది. పడీ పడీ ఓబళప్ప నూట పద్దెనిమిదికి చేరాడు. ఒక మధ్యాహ్నం రొప్పుతూ వచ్చి వదిన ముందు కూలబడ్డాడు.

"నా గుండె కూడా అట్లే ఉండాదంట వదినా. నేనూ ఆపరేషన్ చేయించుకుంటా. నీ డాక్టరు అడ్రసు ఇయ్యి."

ఆమె మంచినీళ్ళ చెంబు అతని ముందుకు జరిపింది.

"నొప్పి శానా ఉంటాదా? పిల్లోళ్ళు చిన్నోళ్ళు. బల్ల మీదే ఏమన్నా అయితే..." మగ్గం రిపేరన్న మనిషేనా ఇతను!

వంటింట్లో అక్కయమ్మ కొడుకు కోసం రెండో విడత బోండాలు వేస్తోంది.

మునివెంకటమ్మ లేచి నడవ తలుపు దగ్గరగా వేసింది. క్యాలెండర్ కాగితం ఒకటి చించి, ఏదో రాసి, మడిచి అతని జేబులో పెట్టింది.

"బస్సెక్కినాక చూడు. అత్తకు చూపించొద్దు."

మర్నాడు రెండు పంచెలు సంచిలో సర్దుకుని, ఇంట్లో అందరికీ దండం పెట్టి, పిల్లల్ని ముద్దాడి, ఓబళప్ప హోసూరు రోడ్డు బస్సెక్కాడు. సీట్లో సగం, బయట సగంగా కూర్చుని కాగితం విప్పాడు.

'చందాపురలో కృపమ్మ ఇంట్లో పది రోజులుండి, నాకు కట్టినట్టే ఉత్తుత్తి కట్టు కట్టించుకుని రా ఓబళప్పా, నా కడుపు మీద ఈ రోజుకూ ఒక్క కుట్టు లేదు.'