భయపెట్టే పని

"దానికి పేరేమైనా పెట్టావా?" అని అడిగాడు సీనియర్ రేంజర్ క్వాక్.

"లేదు సార్," అంది సేజిన్.

"పెట్టకు. పేరు పెడితే ముద్దు చేస్తావు. నువ్వు ముద్దు చేస్తే అది చస్తుంది. ముప్ఫై ఏడో నంబరు, అంతే."

తల్లి ఉచ్చులో పడి చచ్చిపోతే ఈ సంరక్షణ కేంద్రానికి దొరికిన ఎలుగుబంటి పిల్ల అది. నల్లటి ఒళ్ళు, రొమ్ము మీద తెల్లటి నెలవంక మచ్చ. వచ్చే వసంతంలో దాన్ని కొండ మీద వదలాలి. మనిషిని చూసి పారిపోయేదాన్నే వదులుతారు. దగ్గరికి వచ్చేది ఏదో ఒకరోజు కొండెక్కేవాళ్ళ కింబాప్ అన్నం పొట్లానికి ఆశపడుతుంది, ఎవరినో గీరుతుంది, తుపాకీ గుండుకి పోతుంది. అందుకే వదిలేముందు పెట్టే పరీక్షలో తప్పినదానికి జన్మంతా బోనే.

అలా తప్పింది ఒకటి ఆఫీసు వెనకే ఉంది. ముప్ఫై ఒకటో నంబరు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు, పొద్దస్తమానం అదే నడక. క్వాక్ అటుగా వెళ్తే మాత్రం ఆగి, ఊచల మధ్య ముక్కు పెట్టి నిలబడేది.

"చూశావా, సిగ్గులేని ముష్టిది," అనేవాడు క్వాక్. "నీకు ముందొచ్చిన ట్రైనీ చాటుగా తిండి పెట్టి దీని బతుకు బుగ్గి చేశాడు. పెట్టె సర్దించి పంపేశాను."

ఆ అబ్బాయి బస్సెక్కేదాకా 'నేను పెట్టలేదు, పెట్టలేదు' అనే ఏడ్చాడని వంటావిడ చెప్పింది. ఎవరూ నమ్మలేదు. సేజిన్ కూడా నమ్మలేదు.

సేజిన్‌కి ఇది ఆరు నెలల శిక్షణ. రేంజర్ పరీక్ష రెండుసార్లు తప్పి, పూసాన్ నగరంలో ఓ చిన్న దుకాణంలో మూడేళ్ళు రామెన్ నూడుల్స్ డబ్బాలు సర్ది, ఆఖరి ఆశగా ఈ కొండకి వచ్చింది. పిల్ల గట్టెక్కితే ఉద్యోగం ఆమెది. లేకపోతే పాత ట్రైనీ ఎక్కిన బస్సే ఆమెకీ గతి.

పని ఒకటే. వారానికి మూడుసార్లు కంచె లోపలికి వెళ్ళి దాన్ని భయపెట్టాలి. స్టీలు బేసిన్ మీద గరిటెతో బాదాలి. దగ్గరికొస్తే ముక్కు మీద కారం నీళ్ళు కొట్టాలి.

మొదటిరోజు పసుపుపచ్చ రెయిన్‌కోటు వేసుకుని లోపలికి వెళ్ళింది. పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి ఆమె బూటు మీద కూర్చుని, లేసు నోట్లో పెట్టుకుని లాగడం మొదలుపెట్టింది. సేజిన్ చెయ్యి కదల్లేదు.

"కొట్టమ్మాయ్," అన్నాడు కంచె బయటినుంచి క్వాక్. "ఏం, తాంబూలం ఇచ్చి పిలవాలా?"

కొట్టింది. పిల్ల రెండు చేతులతో మొహం రుద్దుకుంటూ పసిబిడ్డలా ఏడ్చింది. సేజిన్ బయటికొచ్చి కోటు చేత్తో కళ్ళు తుడుచుకుంది.

"ఏడుపు మీ ఇంటి దగ్గర పెట్టుకో," అన్నాడు క్వాక్. "దాని ముక్కు మండితేనే అది బతికి బట్టకట్టేది. నాకు మోకాలు సహకరించదు కాబట్టి గానీ, నేనైతే రోజూ కొట్టేవాణ్ణి. సర్లే, నువ్వెళ్ళు. తాళం నేను వేసుకొస్తాను."

ప్రతిసారీ తాళం ఆయనే వేసేవాడు. ఆయనలో ఆమెకి కనిపించిన జాలి అంత మాత్రమే.

మహా పిసినారి కూడా. ఎడమ జేబులో ఎప్పుడూ వేయించిన చెస్ట్‌నట్ గింజలు గలగలమంటుండేవి.

"ఇరవై ఏళ్ళ నుంచి చూస్తున్నా," అనేది వంటావిడ. "ఒక్క గింజ ఎవరి చేతిలో పెట్టిన పాపాన పోలేదు. తినగా కూడా చూడలేదు తల్లీ. మనం అడుగుతామని చాటుకెళ్ళి మింగుతాడు కాబోలు."

నాలుగో నెలకి సేజిన్ తడబడకుండా కొట్టడం నేర్చుకుంది. పసుపు కోటు కనిపిస్తే చాలు, పిల్ల ఉచ్చ పోసుకుంటూ చెట్టెక్కేసేది. ఆమెకి సంతోషం కలిగేది. అలా కలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసేది. అయినా బాదింది. నన్ను ఎంతైనా తిట్టుకో, కొండ మీద మాత్రం హాయిగా తిరుగు అనుకుంటూ బాదింది.

పిల్ల పరీక్ష రోజున డైరెక్టర్ బాన్ మేడమ్ వచ్చింది. ఆమె చేతిలో ఫైలు, ఫైల్లో సేజిన్ నియామక పత్రం.

"అందరం లోపలికి వెళ్దాం," అంది. "బేసిన్లూ వద్దు, కారం నీళ్ళూ వద్దు. ఏ ఒక్కరి దగ్గరికి వచ్చినా తప్పినట్టే."

"నేనెందుకు మేడమ్," అన్నాడు క్వాక్. "మోకాలు బాగా పట్టేసింది. బయట నిలబడతాను."

"అయిదు నిమిషాలు ఓర్చుకోండి. దీని దగ్గర పనిచేసినవాళ్ళంతా ఉండాలని రూలు రాసిందే మీరు."

ఆవేళ క్వాక్ జేబు గలగలమనలేదు. కాలీడ్చుకుంటూ అందరికన్నా వెనక వచ్చి, గేటుకి ఆనుకుని నిలబడ్డాడు.

పిల్ల పడుకునే గుహ తలుపు ఎత్తారు. పిల్ల బయటికొచ్చింది. ఎదురుగా పసుపు కోటు. ఒక్క కేక పెట్టి వెనుదిరిగి పరుగు తీసింది.

"బాగా నేర్పావమ్మాయ్," అంది బాన్ మేడమ్, కలం మూత తీస్తూ.

సేజిన్ కళ్ళు నీళ్ళతో మసకబారాయి. పరిగెత్తు, ఇంకా పరిగెత్తు, ఇంకెప్పుడూ ఏ మనిషి దగ్గరికీ రాకు అని మనసులోనే అరిచింది.

పిల్ల చెట్టు దాకా వెళ్ళి, చుట్టూ తిరిగి, కంచె వెంబడే గేటు దగ్గరికి పరిగెత్తి, క్వాక్ కాళ్ళ వెనక నక్కి, వణుకుతూనే లేచి నిలబడి, రోజూ చేసే పనే అన్నట్టుగా, ఖాళీగా ఉన్న ఆయన ఎడమ జేబులో ముక్కు దూర్చి వెతకసాగింది.