వచ్చినవాళ్ళని కాదనని ఇల్లు

కాకినాడలో హైమవతి ఇంటిని నడిపే కంప్యూటరుకి వైరస్ పట్టింది. పొయ్యి తనంతట తానే ఆరిపోతోంది. స్నానాలగది కుళాయి నీళ్ళివ్వడం మానేసి చీరల ప్రకటనలు చదువుతోంది. ఇళ్ళకి పట్టిన వైరస్‌లు దులపడమే పనిగా పెట్టుకున్న కెజియా కబురందుకుని వచ్చి, గోడమీది తెర చూసి తల పట్టుకుంది.

“మీ ఇల్లు ఎవర్నీ కాదనదేంటండీ? తలుపు తట్టిన ప్రతి దొంగ ప్రోగ్రామునీ లోపలికి రమ్మని కూర్చోబెట్టిందండి. ఎవరు నేర్పారండి దీనికి?”

“మా అత్తగారమ్మా. ఇంటికొచ్చినవాళ్ళని గుమ్మంలోంచే పంపెయ్యకూడదని, పోయేదాకా దానికి నూరిపోశారు.”

“ఆ బుద్ధి తీసేస్తేగానీ బాగుపడదండి.”

హైమవతికి ప్రాణం ఒప్పలేదు. అత్తగారి గుర్తుగా ఆ ఇంట్లో మిగిలింది ఆ ఒక్క అలవాటే. కానీ పొయ్యిమీద పప్పు పొద్దుట్నించీ ఉడకడం లేదు.

“తీసెయ్యమ్మా,” అంది.

కాసేపటికి పొయ్యి బుద్ధిగా వెలిగింది. కెజియా సంచీ సర్దుకుని లేచింది. ఎవరొచ్చినా మజ్జిగ తాగి వెళ్ళమనే ఇల్లు ఈసారి నోరు మెదపలేదు. హైమవతికే మనసాగక, “ఉండమ్మా, ఎండన పడి వచ్చావు, మజ్జిగ తాగి వెళ్దువుగాని,” అంటూ వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తలుపు లాగింది. అది రాలేదు.

“ఎవరికి?” అని అడిగింది ఇల్లు.