అరవై దాటని ముల్లు

"ఆ ముల్లు జోలికి మాత్రం పోకు," అన్నాడు పెద్దాయన, షెడ్డు గుమ్మం వైపు ఒకసారి చూసుకుని.

మెకానిక్ పికప్ వ్యాను కిందనుంచి బయటికి పాకాడు. ఆ బండి వయసు అతని వయసు కంటే ఎక్కువ. పాత వెనక యాక్సిల్ ఊడదీసి నేల మీద పెట్టాడు. పక్కనే పెద్దాయన ఎక్కడెక్కడో తిరిగి సంపాదించిన ఇంకో యాక్సిల్ ఉంది. రెండింటి మీదా సుద్దముక్కతో గీసిన గుర్తులు.

"ఏ ముల్లు, బాబాయ్?"

"స్పీడు మీటరు ముల్లు. నిన్న ఏదో చెప్పావే, మళ్ళీ ఒకసారి చెప్పు."

మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. "పాతదానిలో చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే, ముందునుంచి వచ్చే ఈ కడ్డీ నాలుగున్నర చుట్లు తిరగాలి. అందుకే అరవై దాటితే ఇంజను గగ్గోలు పెట్టేది. దీనిలో మూడున్నర చుట్లు చాలు. ఇంజను ఎప్పటిలాగే తిరుగుతుంది, బండి ఎక్కువ దూరం పోతుంది. కానీ ఆ సంగతి మీటరుకి తెలీదు. అది కడ్డీ చుట్లే లెక్కపెడుతుంది. మీరు ఎనభైలో పోతున్నా అరవై అంటుంది. గేరుబాక్సు దగ్గర బొటనవేలంత పళ్ళచక్రం ఒకటి మారిస్తే మళ్ళీ నిజం చెబుతుంది."

"అదే మార్చొద్దంటున్నా."

"అదేంటి?"

"మీ పిన్ని. పక్కన కూర్చుని కళ్ళార్పకుండా ఆ ముల్లునే చూస్తుంది. అరవై దాటిందా, నా మోచెయ్యి పట్టుకుని వేలాడుతుంది. నర్సరీ గేటు తీసేది ఏడింటికి. మొక్కలు ఎక్కించేసరికి ఏడున్నర. అక్కణ్ణుంచి సంత నూట ఇరవై కిలోమీటర్లు. తొమ్మిదిన్నరకల్లా వాళ్ళు గేటు మూసేస్తారు. రెండు శనివారాలు వరసగా గేటు బయటే నిలబడ్డాం. ఈసారి కూడా ఆలస్యమైతే మా చోటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారట. ముప్ఫై ఏళ్ళ చోటు నాయనా!"

"పిన్నికి ఆ మాటే చెప్పొచ్చుగా?"

"చెబితే బండి ఎక్కదు. ముల్లు అరవై మీద ఉంటే దానికి ధైర్యం, బండి ఎనభైలో ఉంటే నాకు చోటు. ఎవరికేం నష్టం?"

"చూద్దాం లెండి," అన్నాడు మెకానిక్.

పెద్దాయన బోల్టులు తేవడానికి వెళ్ళి వీధి మలుపు తిరిగాడో లేదో, ఆయన భార్య టీ ఫ్లాస్కుతో వచ్చింది. రెండు యాక్సిళ్ళనీ పరాయి పిల్లల్ని చూసినట్టు పరీక్షగా చూసింది. వంగి ఒక చక్రం చేత్తో తిప్పింది. పెదాలు కదుపుతూ కడ్డీ చుట్లు లెక్కపెట్టింది.

"ఇదేం బ్రహ్మవిద్య కాదు. నా కుట్టుమిషనులో ఉన్నదే," అంది. "మరి మీటరు ఎక్కణ్ణుంచి లెక్క తీసుకుంటుంది? చక్రం నుంచా, ముందునుంచా?"

"ముందునుంచే పిన్నీ."

"అయితే ఇకమీదట తక్కువ చూపిస్తుందన్నమాట!" ఆవిడ మొహం వెలిగింది. వెంటనే గొంతు తగ్గించింది. "అబ్బాయ్, మీ బాబాయ్ చెవిన పడకూడదు సుమా. దాన్ని అలాగే వదిలెయ్."

మెకానిక్ చేతిలోంచి పానా జారి కాలి మీద పడబోయింది.

"ఎందుకు పిన్నీ? మీకు స్పీడంటే భయమని..."

"నాకా? నూరులో పోనీ, హాయిగా నిద్రపోతా. భయం ఆయనకి. ముల్లు అరవై దాటడం చూశాడా, చేతులు గజగజా వణుకుతాయి. ఆ మాట పైకంటే చిన్నబుచ్చుకుంటాడు. అందుకే నాకే భయమన్నట్టు మోచెయ్యి పట్టుకుంటా. నేను పట్టుకునేది ఆ వణుకుని."

మెకానిక్ ఫ్లాస్కు మూత తీసి, టీ పోసుకుని, చాలాసేపు ఊదాడు.

"చూద్దాం పిన్నీ," అన్నాడు.

ఆ రాత్రి అతనికి అదే ఆలోచన. ఇద్దరిలో అసలు భయం ఎవరిది? శనివారం పొద్దున నర్సరీ దగ్గర మొక్కలెక్కిస్తుంటే తనూ ప్రత్యక్షమయ్యాడు.

"కొత్త యాక్సిల్ కదా, మొదటి ట్రిప్పు నేనూ వస్తా," అని ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చున్నాడు.

హైవే ఎక్కారు. పెద్దాయన ముప్ఫై ఏళ్ళుగా చెవికి అలవాటైన ఇంజను మోత వచ్చేదాకా తొక్కి, అక్కడ కాలు నిలిపాడు. ఎప్పుడూ హారన్ కొట్టి తరిమే లారీలు ఒక్కొక్కటే వెనకపడ్డాయి. వెనక మొక్కలు తలలు ఊపుతున్నాయి. పెద్దాయన కళ్ళు రోడ్డు మీద, మధ్యమధ్య భార్య మొహం మీద. ఆవిడ కళ్ళు ఆయన చేతుల మీద. ఆ చేతులు రాయిలా ఉన్నాయి. ఆవిడ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

సంత పది కిలోమీటర్లు అన్న బోర్డు దాటేసరికి ఇంకా తొమ్మిది కాలేదు.

అటునుంచి ఒక మోచెయ్యి మెకానిక్ డొక్కలో పొడిచింది. "చూశావా? కిక్కురుమనలేదు," గొణిగాడు పెద్దాయన. "అరవై అనుకుంటోంది, పిచ్చిది."

ఇటునుంచి ఇంకో మోచెయ్యి. "చూశావా? చెయ్యి వణికిందేమో చెప్పు," అంది ఆవిడ చెవిలో. "అరవై అనుకుంటున్నాడు, పిచ్చి మారాజు."

మెకానిక్ ఇద్దరికీ బుద్ధిగా తల ఊపాడు. మొన్న కొత్తది బిగించడానికి తను ఊడబీకిన ఆ బొటనవేలంత పాత పళ్ళచక్రం, జేబులోంచి తొడకి గుచ్చుకుంటోంది. ఎదురుగా, ముగ్గురికీ కనబడేచోట, మీటరు ముల్లు ఎనభై మీద నిలబడి ఉంది.