తడి ఆరని కుండీ

చెల్లెలు మొక్క కుండీలోకి వేలు గుచ్చి తీసి, ఆ వేలిని అక్క ముఖం ముందు పెట్టింది. వేలినిండా బురద.

“ఇదేంటి?”

“తడి.”

“ఎవరు పోశారు?”

“నేనైతే కాదు.”

“మరి దెయ్యం వచ్చి పోసిందా?”

అక్క కళ్లజోడు సవరించుకుని కుండీలోకి తొంగిచూసింది. తను పోసి వారం దాటింది. ఆ తర్వాత ముట్టుకోలేదు. ముట్టుకోలేదనే అనుకుంటోంది.

ఆ కుట్టు దుకాణం అక్కాచెల్లెళ్లది. కింద దుకాణం, పైన ఇల్లు. ఊళ్లో ఎంతోమంది పెళ్లికొడుకులకు కోట్లు కుట్టి పంపారే తప్ప, ఇద్దరిలో ఒక్కరూ పెళ్లి మాట ఎత్తలేదు. కొలతలు తీసేదీ మిషను తొక్కేదీ చెల్లెలు. గుడ్డ కోసేది అక్క. ఆ కత్తెర మీద చెల్లెలు ఏనాడూ చెయ్యి వేయలేదు.

ఈ మధ్యే పేచీ మొదలైంది. ఒకాయన ప్యాంటు చీలమండల పైనే ఆగిపోయింది. నువ్వు చెప్పిన కొలతకే కోశానని అక్క అంది. నేను చెప్పింది అది కాదని చెల్లెలు అంది. తర్వాత దుకాణం తాళాలు ఫ్రిజ్‌లో దొరికాయి. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. పెద్దది అక్క కాబట్టి నింద ఆమె నెత్తినే పడింది.

“మతిమరుపు వస్తోందక్కా నీకు. కత్తెర నాకిచ్చెయ్” అంది చెల్లెలు.

అక్కకి ఏడుపొచ్చినంత పనైంది. కత్తెర లేకపోతే ఆ దుకాణంలో ఇక తనకేం పని? గుండీలు ఏరుకుంటూ కూర్చోవాలా?

సరిగ్గా ఆ రోజుల్లోనే నర్సరీ ఆయన కోటు వదులు చేయించుకోవడానికి వచ్చి, కూలికి తోడు ఈ మొక్కనీ ఇచ్చి వెళ్లాడు. అయిదు కాండాలు జడలా అల్లి ఉన్నాయి. పైన అరచేయి విప్పినట్టు ఆకులు.

“చిత్తడి నేలల్లో పెరిగే చెట్టండీ ఇది” అన్నాడాయన.

“అయితే నీళ్లు బాగా పోయాలన్నమాట” అంది అక్క.

“అక్కడే అందరూ పొరబడతారు. చిత్తడి నేలలో దాని వేళ్లు ఎంత దూరమైనా పాకుతాయి. ఇక్కడ కుండీలో నీళ్లు నిలిచాయా, వేళ్లు కుళ్లిపోతాయి. వేలు గుచ్చి చూసి, లోపల పొడిగా ఉంటేనే పోయండి. పొయ్యడం మరిచిపోయినా నాలుగు రోజులు ఓర్చుకుంటుంది. పోసిన సంగతి మరిచిపోతేనే ప్రమాదం.”

చెల్లెలికి ఆ మాట భలే నచ్చింది. “విన్నావా అక్కా? ఈ మొక్క నీది. నేను వేలు కూడా పెట్టను. నెల తిరిగేసరికి బతికుంటే కత్తెర నీది. చచ్చిందో, నాది.”

అక్క ఒప్పుకుంది. ఒప్పుకున్నప్పుడు ఇదెంత పని అనుకుంది.

ఇప్పుడు ఆకులు పసుపెక్కుతున్నాయి. అయిదు కాండాల్లో ఒకటి నొక్కితే మెత్తగా లోపలికి పోతోంది. మట్టి మాత్రం ఆరిన పాపాన పోలేదు.

అక్క ఊరుకునే రకం కాదు. స్టూలెక్కి పైకప్పు తడిమింది, ఎక్కడా చెమ్మ లేదు. ఇస్త్రీ ఆవిరి తగులుతోందేమోనని కుండీని అద్దం పక్కకి జరిపింది. అడుగు రంధ్రం మూసుకుపోయిందేమోనని దబ్బనం పెట్టి పొడిచింది. ఆ దారీ తెరిచే ఉంది. ఇక మిగిలింది ఇద్దరు మనుషులు. తను కాకూడదని ఆమె మనసులో వెయ్యిసార్లు మొక్కుకుంది.

దుకాణం మూసేముందు నీళ్ల మగ్గు పిడికి నీలం సుద్ద దట్టంగా రుద్దింది.

పొద్దున్నే దిగి చూస్తే కుండీలో తడి, పిడి మీద సుద్ద చెరిగి ఉంది. అక్క ముందు తన చేతులు చూసుకుంది. గోళ్ల సందులు కూడా వదల్లేదు. రెండు చేతులూ శుభ్రంగా ఉన్నాయి. చెల్లెలి బొటనవేలు మాత్రం నీలంగా ఉంది.

“చేతికేంటే అది?”

“ఏమో, ఎక్కడంటిందో” అంటూ చెల్లెలు గుడ్డకి తుడిచేసుకుంది.

అక్కకి ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఒక కత్తెర కోసం తోబుట్టువుని మతిలేనిదాన్ని చేస్తుందా? ఈశ్వరుడు పట్టకపోతే తనే పడుతుంది.

మర్నాడు చెల్లెలి కంటే ముందే లేచి, దుకాణంలోకి దిగి, కొత్త బట్టలు తొడిగి చూసుకునే గది తెర వెనక నిలబడింది. కాసేపటికి చెల్లెలు దిగింది. కూనిరాగం తీస్తూ బకెట్లో మగ్గు ముంచింది. కుండీలో పోసింది.

అక్క తెర లాగేసింది. “దొరికావే!”

“అమ్మో! గుండె ఆగినంత పనైంది. అక్కడేం చేస్తున్నావక్కా?”

“నువ్వేం చేస్తున్నావో అది చెప్పు!”

“నీళ్లు పోస్తున్నా. ఆకులు వేలాడేశాయి, దాహమేమో పాపం అని. అంత అరుస్తావేం?”

“రోజూ పోస్తున్నావు కదూ?”

“రోజూనా? ఒట్టు అక్కా, ఇదే మొదటిసారి.”

కన్నార్పకుండా అబద్ధమాడుతోందని అక్క పళ్లు కొరికింది. తిట్టడానికి మాటలు వెతుక్కునేలోపే చెల్లెలు మగ్గు కొక్కేనికి తగిలించి, షట్టరు ఎత్తి, గుమ్మం ఊడ్చి వచ్చింది. మిషను దగ్గరకి వెళ్లబోతూ కుండీ ముందు ఆగింది. మట్టిలోకి వేలు గుచ్చింది. బురద అంటిన వేలిని చూసుకుని, అక్క వైపు తిరిగింది. ఆ కళ్లలో కోపం లేదు, జాలి ఉంది. దగ్గరకొచ్చి అక్క చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

“అప్పుడే పోసేశావా, అక్కా?”