పదకొండు చెట్ల ఉడుత

ఆస్పెన్ చెట్ల మధ్య హిల్కా మోకాళ్ళ మీద పాకుతోంది. వయసు డెబ్బై రెండు. ముప్పై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి, ఇప్పుడు పెంటికలు పంచుతోంది.

ఎగిరే ఉడుత పెంటికలవి. బియ్యపు గింజంత ఉంటాయి, పసుప్పచ్చగా. చెల్లెలి ఊరి అడవిలో ఏరి, కాఫీ డబ్బాలో పోసి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చింది. మంచు కరిగే ఈ ఏప్రిల్‌లోనే అవి కంటపడతాయి. ఏ చెట్టు మొదట్లో అవి కనిపిస్తే ఆ చెట్టు మీద, దాని చుట్టుపక్కల చెట్ల మీద రంపం పెట్టకూడదని చట్టం. మా ఫిన్లాండ్‌లో మనిషి మాట కన్నా ఉడుత పెంటికకే విలువెక్కువ.

అడవి హిల్కాది కాదు, పక్కింటి ఆర్వోది. జూన్‌లో తోపు మొత్తం కొట్టించేస్తున్నాడు. అతని భార్య సిల్వికి పట్నంలో ఫ్లాట్ కావాలి. లిఫ్టు ఉండాలి, అద్దాల బాల్కనీ ఉండాలి.

ఆ తోపు పోతే హిల్కాకు ఇంకేం మిగలదు. భర్త పోయిన పదిహేనేళ్ళుగా వంటింటి కిటికీలోంచి బైనాక్యులర్స్‌తో రోజూ చూసేది దాన్నే. నల్ల వడ్రంగిపిట్ట ఎప్పుడు తొర్ర తొలిచింది, గుడ్లగూబ ఎన్ని పిల్లల్ని చేసింది, అన్నీ నోటుపుస్తకంలో రాసుకుంటుంది.

ఆర్వోకి ఆ పుస్తకమంటే వేళాకోళం. నలభై ఏళ్ళు చెట్లు కొట్టి బతికినవాడు మరి.

"ఏం హిల్కా, పిట్టల జనాభా లెక్కలు ఎందాకా వచ్చాయి?" అని కంచె అవతల నుంచి కేకేస్తాడు. ఆవిరిస్నానం గదిలో నేస్తాల మధ్య కూర్చుని, చెట్టంటే కట్టె, మిగతాదంతా పనిలేని కబుర్లు అంటాడు.

నాలుగు చెట్లకే డబ్బా ఖాళీ అయింది. హిల్కా లేచి, నడుం పట్టుకుని ఇంటికెళ్ళి, గొంతు మార్చి, తోపులో ఎగిరే ఉడుత ఉందని అటవీ ఆఫీసుకి ఫోన్ కొట్టింది.

గురువారం పొద్దున తనిఖీకి కైసా అనే పాతికేళ్ళ పిల్ల దిగింది. సిల్వి యాలకుల బన్నూ కాఫీ పెట్టింది గానీ, మొహం మాత్రం చిటపటలాడుతూనే ఉంది. పిలవకపోయినా హిల్కా వచ్చి వాకిట్లో నిలబడింది.

"ఏ పనిలేని మనిషి ఫోన్ చేసిందో!" అంది సిల్వి, హిల్కా వైపే చూస్తూ.

"ఫోన్లు ఎవరు చేశారో మేం చెప్పమండీ" అంది కైసా.

ఆర్వో ఒంటికాలి మీద లేచాడు. "ఉడుతా లేదు, దాని మొహమూ లేదు! పదమ్మా, ఒక్కో చెట్టూ నేనే చూపిస్తా. ఒక్క పెంటిక దొరికినా నా చెవి కోసిస్తా!"

అన్నట్టే ఆ పిల్లని చెట్టు చెట్టుకీ లాక్కెళ్ళాడు.

"ఇదిగో, ఇక్కడ చూడు. ఏముంది? పైపైన కాదమ్మా, వంగి చూడు!"

కైసా వంగింది. "ఉన్నాయండీ."

"ఇక్కడుంటే అక్కడా ఉండాలా? ఆ వెనక చెట్టు చూడు!"

"ఇక్కడా ఉన్నాయండీ."

"దొంగముండాకొడుకు ఉడుత! అయితే వాగు పక్కది చూడు!"

తన బండారం ఎక్కడ బయటపడుతుందోనని హిల్కాకి భయం. సిల్వికైతే ఏడుపొక్కటే తక్కువ.

"నోరు మూసుకుని ఉంటే ఒకటి రెండు చెట్లతో పోయేది కదయ్యా! అడవంతా తిప్పి చూపించావు, తెలివితక్కువ దద్దమ్మా!"

మధ్యాహ్నానికి కైసా పదకొండు చెట్లకి రిబ్బన్లు కట్టింది. "సోమవారం మా పై అధికారి వస్తారు. అప్పటికి కూడా తాజా పెంటికలు కనిపిస్తే ఈ తోపుని ఇక ఎవరూ ముట్టుకోకూడదు" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆర్వో టోపీ నేలకేసి కొట్టాడు. వెళ్ళబోతున్న హిల్కా మీద విరుచుకుపడ్డాడు.

"ఇప్పుడు నీ కళ్ళు చల్లబడ్డాయా?"

"నేనేం చేశాను? నాకేం తెలీదు!" గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఠక్కున అనేసి, గబగబా ఇల్లు చేరింది హిల్కా.

కాఫీ కలుపుకుంటుంటే అప్పుడు తట్టింది. పదకొండు చెట్లు. తను చల్లింది నాలుగింటికే.

మిగతా ఏడూ?

పదిహేనేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా చూసినా ఒక్కసారీ కనిపించని ఉడుత, నిజంగానే ఉందన్నమాట! సంతోషం పట్టలేక ఒంటరి వంటింట్లో వెక్కివెక్కి ఏడ్చింది. వెంటనే సిగ్గూ వేసింది. ఉన్నదాని కోసం ఇంత దొంగ పని చేశానే అని తల బాదుకుంది.

ఆదివారం సాయంత్రం పొద్దు వాలుతుండగా, ఉడుతలు తొర్ర వదిలే వేళకి, బైనాక్యులర్స్ మెళ్ళో వేసుకుని తోపులో దూరింది. కూలిన చెట్టు మాను వెనక నక్కి కూర్చుంది. చలికి ముక్కు కారుతున్నా తుడుచుకోలేదు.

ఓ గంటకి ఎండుటాకులు గలగలమన్నాయి. వాగు పక్క చెట్టు కింద ఏదో కదిలింది. హిల్కా ఊపిరి బిగబట్టి బైనాక్యులర్స్ కళ్ళకి ఆనించింది.

భార్య చూస్తోందేమోనని ఇంటివైపు బెదురుగా చూసుకుంటూ, చెట్టు మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని, పొట్లంలోంచి పసుపు పెంటికలు ఒక్కొక్కటే జాగ్రత్తగా చల్లుతున్నాడు ఆర్వో.