ఇంటికో ఓటు

“బ్యానరు కూడా వేయించేశారా!” నీలిమ నోరు తెరిచింది.

ఇంగ్లండులోని బ్రాక్‌నెల్ తెలుగు సంఘం ఎన్నికల అధికారి బాపురావు కుర్చీ ఎక్కి, హాలు గోడకి బ్యానరు అంటిస్తున్నాడు. ‘ఆరోసారి అధ్యక్షులైన వెంకటాచలం గారికి అభినందనలు.’ ఓటింగు ఇంకా మొదలే కాలేదు.

“ఆదివారం ప్రింటు షాపు తెరవరమ్మా. ఫలితం తెలిసిందేగా,” అన్నాడతను.

“1948లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు ఓ పేపరు అచ్చం ఇదే పని చేసింది బాపురావు గారూ,” వెంకటాచలం గారి మీద పోటీకి నిలబడ్డ భానుప్రకాష్ వెనకనుంచి అందుకున్నాడు. “డ్యూయీ గెలిచేశాడని ముందే అచ్చేసింది. తీరా చూస్తే గెలిచింది ట్రూమన్!”

“వచ్చాడండీ మన బ్రాక్‌నెల్ ట్రూమన్!” అన్నారెవరో. హాలంతా గొల్లుమంది.

పెళ్ళయిన ఈ ఐదు నెలల్లో మొగుడి నోట నీలిమ ఆ కథ ముప్ఫైసార్లయినా వినుంటుంది. ఇక అడగడం దండగని సర్వేలవాళ్ళు ముందే చాలించుకున్నారట. ట్రూమన్ మాత్రం రైల్లో ఊరూరా తిరిగాడట. రైలు లేకపోయినా భాను కూడా తిరిగాడు. సంఘంలో ఉన్న ఇరవై మూడు ఇళ్ళలోనూ టీ తాగొచ్చాడు.

నీలిమ బెంగల్లా ఒక్కటే. ఖర్మకాలి గెలిస్తేనో?

ఆదివారమంటే ఆమెకు పండగ. కారు డిక్కీల్లో పాత సామాన్లు పెట్టి అమ్మే కార్ బూట్ సేల్లో జత కుదరని కప్పులు ఏరుకోవాలి. వెనిగర్ చల్లిన చిప్స్ ఇద్దరూ ఒకే పొట్లంలోంచి తినాలి. డబుల్ డెక్కర్ పైన ముందు సీటు దొరికితే ఇక స్వర్గమే. అధ్యక్షుడికి ఆదివారాలుండవు. ఆ మాట చెప్పింది వెంకటాచలం గారి భార్య శాంతకుమారి ఆంటీయే.

“పిల్లల తెలుగు క్లాసు, భజన, కౌన్సిల్ వాళ్ళతో మీటింగులు... ఆయన హాల్లో, నేను ఈ వంటగదిలో. పదేళ్ళయిందమ్మా,” టీ వడగడుతూ మళ్ళీ అదే అంది ఆంటీ.

“ఈసారీ అంకులే కదా ఆంటీ?”

“ఇంకెవరు? ఆయన్ని కాదనేవాళ్ళెవరున్నారిక్కడ! నువ్వు బెంగపెట్టుకోకు,” ఆంటీ నవ్వింది.

ఓటింగు మొదలైంది. ఇంటికో ఓటు. పోటీలో ఉన్నవాళ్ళు పెట్టె దగ్గరికి రాకూడదన్నది సంఘం నియమం. వాళ్ళింటి ఓటు ఇంట్లో మరొకరు వెయ్యాలి. నీలిమ తెర వెనక్కి వెళ్తుంటే భాను దూరంనుంచే రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. ఆమెకు నవ్వొచ్చింది. ఆ వెంటనే తల తిప్పుకుని తెర లాగేసుకుంది.

బాపురావు కాయితాలు లెక్కపెట్టాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాడు. మూడోసారి పైకే లెక్కపెట్టాడు.

“వెంకటాచలం గారు పదకొండు. భానుప్రకాష్... పన్నెండు.”

చప్పట్లు కొట్టడం ఎవరికీ గుర్తు రాలేదు. వెంకటాచలం గారు ప్రసంగం కాయితం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. చివరికి ఆయనే తేరుకుని భాను చెయ్యి పట్టుకున్నారు. “భలేవాడివయ్యా ట్రూమన్!”

భాను పరుగున వచ్చి నీలిమ భుజాలు పట్టి ఊపేశాడు. “ఒక్క ఓటు నీలూ! నువ్వేసిన ఆ ఒక్క ఓటే నన్ను గెలిపించింది!”

నీలిమ ఓటు వేసింది వెంకటాచలం అంకుల్‌కి.

“టీ... టీ తెస్తాను,” అంటూ వంటగదిలోకి పారిపోయింది. లెక్క ఎక్కడ తప్పింది? మొగుడికి సొంత పెళ్ళామే ఓటెయ్యకపోయినా ఎలా గెలిచాడు?

శాంతకుమారి ఆంటీ అప్పటికే కోటు తొడుక్కుంది. ఏప్రాన్ విప్పి నీలిమ చేతిలో పెట్టి, తలుపు దగ్గరగా వేసి, చెవిలో అంది.

“మా ఇంటి ఓటు మీ ఆయనకే వేశానమ్మా.”