ఒక్క ప్రూఫ్ చాలు

"బుగ్గలు ఇంకాస్త తగ్గించు తల్లీ. పద్నాలుగేళ్ళొచ్చాక అంత బొద్దుగా ఉండదు," అన్నాడు పాప తండ్రి.

ప్రింటింగ్ ప్రెస్సులో డిజైనర్ మౌస్ కదిపింది. తెరమీద పాప మొహం కొంచెం సన్నబడింది. పక్కనే వాళ్ళమ్మ చిన్నప్పటి ఫోటో ఉంది. దాన్ని చూసుకుంటూ పాపకి ఏటా ఓ ఏడు వయసు పెంచడం డిజైనర్ పని. పైన 'తప్పిపోయింది' అన్న ఎర్రక్షరాలు మాత్రం ఎనిమిదేళ్ళుగా మారలేదు.

"ముక్కు అచ్చం ఆవిడదే వచ్చింది," అంటూ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

"అచ్చులో ఎరుపు ముదురొస్తుంది బాబాయ్, అందుకే కాస్త తగ్గించాను. అంచుల్లో కోతకి చోటు కూడా వదిలాను. ఫోన్ నంబరు సరిచూసుకోండి."

ఆయన వేలు పెట్టి ఒక్కో అంకే చదివాడు. "మా ఆవిడ నంబరే. సరిగ్గా ఉంది."

"మరి అచ్చుకి ప్లేటు తీయించమంటారా? ఎన్ని కాపీలు?"

"ఎందుకులే. ఒక్క ప్రూఫ్ చాలు."

ఏటా ఇదే మాట. డిజైనర్‌కి ఒళ్ళు మండింది. సరిచూసుకోవడానికిచ్చే ఒక్క కాగితంతో పిల్ల దొరుకుతుందా? కన్నతండ్రికి ఇంత బద్ధకమా? ఈసారి ఊరుకోకూడదని నిరుడే అనుకుంది. ఆయన ప్రూఫ్ చుట్ట చుట్టుకుని వెళ్ళగానే ఫైలు మెషీన్ గదికి పంపేసింది.

మూడోరోజు ఆయన్ని పిలిపించి, ఐదొందల పోస్టర్ల కట్ట బల్లమీద పెట్టింది.

"ఇవి నా తరఫున బాబాయ్. సాయంత్రానికి బస్టాండు, మార్కెట్టు, అన్నిచోట్లా అంటించేస్తారు మావాళ్ళు."

ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. కట్టని రెండు చేతులా వాటేసుకున్నాడు.

"వద్దు తల్లీ! ఒక్కటి కూడా అంటించొద్దు. ఎవరో ఎవరి పిల్లనో చూసి ఫోన్ చేస్తారు. ఎత్తేది ఆవిడ. పడుతూ లేస్తూ పరిగెడుతుంది. ఆ గుండె తట్టుకోలేదు."

"దొరుకుతుందన్న ఆశే లేదా మీకు?" అరిచినంత పని చేసింది డిజైనర్. "మరి ఏటా ఇదంతా ఎందుకు చేయిస్తున్నారు?"

"ఆవిడ మంచం ఎదురుగా అంటిస్తాను. ఊరంతా ఇవే ఉన్నాయనుకుంటుంది. ఇంకో ఏడాది గడుస్తుంది." ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "పాప కనబడకుండా పోయినప్పుడు ఆవిడ గుండె ఆపరేషనై ఆస్పత్రిలో ఉంది. ఇంటికొచ్చాక చెబుదామనుకున్నాను. నోరు పెగల్లేదు."

"ఏం చెబుదామని?"

"మర్నాడే పాపని నా చేతుల్తో మట్టిలో పెట్టాను తల్లీ."